తెర మీద మా తాత కుర్చీ

మా ముత్తాత ఏడు పల్లెలకు పెద్ద. మా తాత పంచాయితీ చెబితే ఆ తర్వాత కోర్టుకు పోయినవాడు లేడు. మా నాయన ఈ రెండు సంగతులూ వచ్చినవాళ్ళకు చెప్పడంలో పెద్ద. ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, మా ఇంట్లో మిగిలినవి ఒక పాత జీపు, తాత కూర్చున్న చేతుల కుర్చీ, నా నిటారు వెన్ను. ఇప్పుడు తలచుకుంటే ఆ మూడింటిలో కాస్త అటూ ఇటూ వంగేది జీపు ఒక్కటే అనిపిస్తుంది.

ఆ జీపు వల్లనే పల్లెల్లో డాక్యుమెంటరీలు చూపించే జట్టుకు నాతో పని పడింది. వాళ్ళకు ప్రొజెక్టరు ఉంది, బండి లేదు. (నేను జట్టులో చేరానని ఎన్నడూ ఒప్పుకోలేదు. "సహకరిస్తున్నాను" అనేవాణ్ణి.) కరువు, వలస, మగ్గం, ఇవీ ఆ సినిమాలు. హాళ్ళకు రావు. పాటలుండవు. "ఫైటింగు ఎప్పుడొస్తాదప్పా?" అని అడిగి, రాదంటే లేచి వెళ్ళిపోయే పెద్దమనుషులూ ఉండేవారు. నేను మాత్రం ప్రతి ఊరికీ తాత కుర్చీని జీపులో వేసుకుపోయి, ముందు వరసలో వేయించుకుని కూర్చునేవాణ్ణి. మా వంశంలో నలుగురితో నేల మీద కూర్చున్నవాడు లేడు మరి.

జట్టుకు ఒక పద్ధతి ఉండేది. సినిమాలో ఎవరు కనబడతారో వాళ్ళకు, వాళ్ళ ఊళ్ళోనే, మొదట చూపించాలి. వాళ్ళు వద్దంటే అది ఇంకో ఊరికి పోదు. బుక్కరాయసముద్రం అమ్మాయి ఒకతె రెండేళ్ళు తిరిగి బోర్ల మీద సినిమా తీసింది. అదంతా ఒక అవ్వ మాటల మీద నిలబడింది. ఆ అవ్వది ఒకప్పుడు మా తాత మాట నడిచిన పల్లె. ఆ సంగతి తెలిసి, ఆ రోజు చొక్కాకు గంజి పెట్టించుకుని మరీ పోయాను. సినిమా ముందుగా చూడలేదు. చూడవలసినది నన్నే అనుకున్నాను.

మధ్యాహ్నం, వేరుశనగ గోదాములో, కిటికీలకు గోనెపట్టాలు కట్టి, మూట మీద ప్రొజెక్టరు పెట్టారు. తెర మీద అవ్వ వచ్చింది. ఆమె మొహం మీద నా కుర్చీ నీడ కూడా వచ్చింది.

"ఏమప్పా ముందర కుర్చీ, రవంత జరుగు. అవ్వ యాడుండాదో కనబళ్ళేదు" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

నేను జరగలేదు. అమ్మాయి వంగి వచ్చి నా చెవిలో చెప్పింది. "అన్నా, అవ్వకే తన మొగం కనబళ్ళేదు. ఆమె వద్దంటే రెండేండ్ల పని పోతాదన్నా."

"ఇది ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటుంది" అన్నాను.

అప్పుడే తెర మీద అవ్వ మొదలుపెట్టింది. "వాళ్ళ చేన్లో బోరేసే దినం పెద్దాయన వేప కుర్చీ ఏసుకోని కూచున్యాడు. మేమంతా ఎండలో కింద కూచున్యాము. నీళ్ళు పడినాయి. ఆయప్ప లేసిందే లేదు. ఆ యేడే మా బాయి ఎండిపాయ."

ఆమె చెబుతున్న కుర్చీ నీడ ఆమె మొహం మీదే ఉంది. గోదాము అంతా నవ్వింది. గౌరవంగా బయటికి పోదామని లేచాను. లేచేసరికి నా తల నీడ కూడా తెర మీదికి ఎక్కింది. "కూచోప్పా" అని నాలుగు వైపుల నుంచి అరిచారు. ఎవరో నా పంచె పట్టి లాగారు. చూస్తే అవ్వే.

"ఈడ కూచో నాయనా. పొట్టు గుచ్చుకుంటాది, ఏం కాదు."

కూర్చున్నాను. గుచ్చుకుంది. అమ్మాయి కుర్చీని పక్కకు లాగేసి సినిమా మొదటి నుంచి వేసింది. (అంటే ఆ మాట రెండోసారి, ఈసారి స్పష్టంగా వినవలసి వచ్చింది.)

అయిపోయాక అమ్మాయి అడిగింది. "అవ్వా, ఏమన్నా తీసేయాల్నా?"

"నాకేం లేదు. ఆ కుర్చీ మాట ఉండాల్నో వద్దో ఈయప్పనడుగు. వాళ్ళ తాత గదా."

ఊరంతా నా వైపు చూసింది. తీసేయమంటే తీసేసేవారే. నా వెన్ను ఎప్పటికన్నా నిటారుగా నిలబడింది.

"ఉండనీ" అన్నాను. "కానీ అది వేప కాదు. బర్మా టేకు. అది మాత్రం దిద్దాలి."

అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "కింద కూచున్నోళ్ళకి కాళ్ళే గదా నాయనా కనబడేది. నేను చూసింది వేపే."

దిద్దలేదు. ఆ సినిమా కణేకల్ దాకా ఎన్నో పల్లెలు తిరిగింది. జీపు నేనే నడిపాను. ప్రతి ఊళ్ళోనూ నేల మీద కూర్చుని, ఆ మాట రాగానే పక్కవాడికి "టేకు" అని చిన్నగా చెప్పేవాణ్ణి. అప్పటి నేను, ఆ గంజి చొక్కా కుర్రవాడు, ఇప్పుడు ఎదురుపడితే నేనే పంచె పట్టి లాగి కూర్చోబెడతాను.

పోయిన ఏడాది కుర్చీ కొనడానికి ధర్మవరం నుంచి ఒకాయన వచ్చాడు. తిరగేసి, గోటితో గీకి చూశాడు. పైన టేకు, కాళ్ళు వేప. అమ్మేశాను.