మీసాల మాంత్రికుణ్ణి పైకి తీసిన మధ్యాహ్నం

గోదావరిఖనిలో మా క్వార్టర్ల గోడ గడియారాలు ఆ రోజుల్లో అలంకారానికే ఉండేవి. సైరన్ మోగితే మగవాళ్ళు బొగ్గుబాయికి పోయేవాళ్ళు, మళ్ళీ మోగితే వచ్చేవాళ్ళు. ఆ రెండు మోతల నడుమ దొరికే మధ్యాహ్నాలకు రాణిని నేనే అనుకునేదాన్ని (పదిహేనేళ్ళ వయసులో ఇట్లాంటి రాజ్యాలు తేలికగా దొరుకుతాయి). చిన్నప్పటి నుంచి ఆయాసం వల్ల నేను బడికి పోలేదు. మా బాపు బాయి నుంచి వచ్చి, స్నానం చేసి, దేవునికి దీపం పెట్టి, ఆ వెలుగులోనే నాకు అక్షరాలు దిద్దించాడు. ఆ చేతివేళ్ళ సందుల్లో మిగిలిపోయిన బొగ్గు మరకలు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి; దేవుడు నాకిచ్చిన బడి అదే. పాత సామాన్ల దుకాణంలో ఆయన ఒక జానపద కథల పుస్తకం కొనుక్కొచ్చాడు. దానికి అట్ట లేదు, చివరి పేజీలూ లేవు. అందులో ఒక తుంటరి దొంగ, మాంత్రికుడి తోటలో మామిడిపండు కోస్తూ దొరికిపోతాడు. మాంత్రికుడు వాడి నవ్వును లాగేసి, సీసాలో పెట్టి బిరడా బిగిస్తాడు. నవ్వు పోయిన దొంగ పగ తీర్చుకోవడానికి బయలుదేరుతాడు. అక్కడితో పుస్తకం ఆఖరు. మిగతాది నా ఇష్టం.

వాకిట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చునే ఆడవాళ్ళకు రోజుకింత చొప్పున ఆ కథ చెప్పేదాన్ని. మాంత్రికుడికి నేను గుబురు మీసం పెట్టాను. మాట మాటకూ గొంతు సవరించుకునే అలవాటూ పెట్టాను. ఈ రెండూ మా పక్క క్వార్టర్ మీసాల కాకవే. అంతకు కొన్నాళ్ళ ముందు, నీళ్ళ నల్లా దగ్గర అందరి ముందూ ఆయన నన్ను ఆపి, "ఇంట్ల సదువుకు పరీక్ష ఎవరు పెడ్తరు బిడ్డా? పొయ్యి కాడి పిల్లి పెడ్తదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చాక వారం దాకా నాకు మళ్ళీ నవ్వు రాలేదు. అంటే ఆ దొంగ ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. (పొద్దున స్తోత్రాలు చదివి మధ్యాహ్నం పగ సాధించడంలో నాకేమీ తప్పు తోచలేదు. దేవుడు నా పక్షమేనని గట్టి నమ్మకం.)

ఆ మధ్యాహ్నం కథ ముగించేశాను. దొంగ మాయమాటలు చెప్పి మాంత్రికుణ్ణి లోతైన సొరంగంలోకి దింపాడు. పైనుంచి బండరాయి దొర్లించి, చేతులు దులుపుకొని ఇంటికి పోయాడు. అంతే, కథ కంచికి. చప్పట్లు కొడతారనుకొని తలెత్తి చూశాను. బియ్యం ఏరే చేతులన్నీ ఆగిపోయి ఉన్నాయి.

మీసాల కాక భార్యను మేము చిన్నమ్మ అనేవాళ్ళం. కాకకు రెండో షిఫ్టు కాబట్టి ఆమె ఒళ్ళో సద్దిడబ్బా తయారుగా ఉంది. దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, "వాన్ని పైకి తియ్యి బిడ్డా" అంది.

వాడు చెడ్డవాడు కదా చిన్నమ్మా అన్నాను.

"చెడ్డోడో మంచోడో, ఆ మీసం ఎవరిదో నాకెర్కలేదా? ఆయన బాయిల దిగే యాళ్ల నువ్వు లోపల పెట్టి రాయి ఏస్తివి. వాడు పైకి రాంది ఈ డబ్బా నేనియ్య."

అప్పటికే కాక సైకిల్ బయటికి తీసి నిలబడ్డాడు. సంగతి విని ముందు కసురుకున్నాడు. మస్టర్ పోతుందన్నాడు, అంటే ఆ పూట హాజరు పడదని. చిన్నమ్మ కదలలేదు. మిగతా ఆడవాళ్ళు ఆమె పక్కన చేరారు. నేనూ కదలలేదు. ఎన్నాళ్ళో కష్టపడి సాధించిన పగ, డబ్బా కోసం వదులుకోవాలా?

అప్పుడు చిన్నమ్మ గొంతు తగ్గించి, "మీ బాపు గూడ ఇంకా పైకి రాలే గద బిడ్డా" అంది.

నా రాజ్యం ఆ ఒక్క మాటతో కూలిపోయింది. మొదటి షిఫ్టు ఇంకా విడవలేదు. బాపు అప్పుడు భూమి లోపలే ఉన్నాడు. నా నోటితో నేను బండరాయి వేసింది ఆ సొరంగానికే.

గబగబా మళ్ళీ మొదలుపెట్టాను. దొంగ ఇంటికి పోతూ పోతూ బాయి మొగదల పలక చూశాడు. లోపలికి దిగేవాళ్ళంతా తమ నంబరు బిళ్ళ అక్కడ తగిలిస్తారు, పైకొచ్చినవాళ్ళు తీసుకుంటారు (ఏ మాంత్రికుడి రాజ్యంలో ఈ పద్ధతి ఉంటుందో అడగకండి). పలక మీద ఒక్క బిళ్ళ మిగిలింది. ఒక్క బిళ్ళ మిగిలినా ఎవ్వరూ ఇంటికి పోరు. దొంగా పోలేకపోయాడు. వెనక్కి ఉరికి, రాయి దొర్లించి, తాడు వేశాడు. మొహమంతా మసి పూసుకొని మాంత్రికుడు పైకొచ్చాడు. దొంగ మొహమూ అంతే నల్లగా ఉంది. మాంత్రికుడు సీసా బిరడా తీశాడు.

ముందుగా నవ్వింది మీసాల కాకే. చిన్నమ్మ చేతిలో డబ్బా అందుకొని, "మంచిగ తీసినవ్ బిడ్డా" అన్నాడు. సైకిల్ మలుపు తిరుగుతుండగా సైరన్ మోగింది. ఆ రోజు ఆయనకు మస్టర్ పడింది. బాపూ వచ్చాడు. కాళ్ళు కడుక్కోకముందే నేను ఆయన చెయ్యి పట్టుకుంటే, జ్వరమేమోనని నా నుదురు తడిమి చూశాడు.

పదిహేను రోజులకు కాక పెద్దపల్లి నుంచి ఒక ఫారం తెచ్చి మా గడప మీద పెట్టాడు. బడికి పోనివాళ్ళూ పదో తరగతి రాయొచ్చట. గొంతు సవరించుకొని, "పరీక్ష ఎవరు పెడ్తరన్న గద. ఇగో, వీళ్ళు పెడ్తరట" అన్నాడు. దీపం ముందు నాకు తెలియని భగవంతుణ్ణి ఆ గడప మీద చూశాను.

ఇప్పుడు నా బిడ్డకు కథలు చెబుతున్నా, రాక్షసుణ్ణి సైతం పైకి తెచ్చి ఇంటికి పంపందే ముగించను. "నీ కథల్ల ఎవ్వరూ చావరేందమ్మా" అని అది విసుక్కుంటుంది. ఆ పుస్తకం చివరి పేజీల కోసం నేనింతవరకూ వెతకలేదు. అందులో మాంత్రికుడు లోపలే ఉండిపోతే చిన్నమ్మకు ఏమని చెప్పను?