దానికి పడిందే పోయాలె

వదినె పోయిందన్న కబురు వచ్చేసరికి ఆమె కోసం కాస్తున్న రాగి జావ పొయ్యి మీద ఉంది. దవాఖానలో ఆమె దగ్గర ఉన్న మా ఆయన ఫోన్ చేసి, "అక్క పోయింది" అని మాత్రం అన్నాడు. ఫోన్ మాత్రం ఇద్దరం పెట్టలేదు. జావ పొంగి పొయ్యి ఆరిపోయింది.

వదినె అంటే మా ఆయన సొంత అక్క. కట్టంగూరులో హైవే పక్కన టైర్ల దుకాణం ఆమెదే. ఆ దారిన తిరిగేవాళ్లు ఆమెను చూసే ఉంటారు. ముదురు నీలం రంగు పొడుగాటి విదేశీ కారు, స్టీరింగు వెనక నేత చీర కట్టుకున్న పెద్దామె, సగం తెరిచిన డిక్కీలో తాడుతో కట్టిన లారీ టైరు. అంత ఖరీదైన కారులో టైర్లు మోసే మనిషి ఈ రోడ్డు మీద ఇంకొకరు ఉండరనుకుంటాను.

ఆ కారు ఆమె కోరి కొన్నది కాదు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆమె భర్త, వరసకు నాకు అన్న, హైదరాబాదులో ఒక డాక్టరు తన పాత కారు అమ్ముతుంటే కొన్నాడు. పెద్ద కార్లకు టైర్లు మార్చీ మార్చీ, ఒక్కసారైనా అలాంటి బండిలో మనవాళ్లను ఎక్కించుకు తిరగాలని ఆయనకు ఉండేదట. తిరిగింది ఒక్క ఎండాకాలమే. గుండెపోటుతో ఆయన పోయాక చుట్టాలంతా కారు అమ్మెయ్యమన్నారు, దుకాణం కిరాయికి ఇయ్యమన్నారు. పిల్లలు లేరు, ఒక్కదానివి ఏం చేసుకుంటవన్నారు. వదినె అందరికీ చాయ్ పోసి పంపించి, ఆ నెలలోనే డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది.

మా పెళ్లి ఆ తర్వాత జరిగింది. జడ్చర్ల నుంచి కొత్త కోడలిగా వచ్చిన నాకు ఆమెను చూస్తే జంకు. మా ఇల్లూ ఆమె ఇల్లూ ఒకే ప్రహరీ గోడ లోపల. ఒక రోజు అన్నంలో పచ్చిపులుసు పక్కకు జరిపి మెతుకులు కెలుకుతుంటే చూసింది.

"నీకు పులుపు పడదా?"

పడదంటే ఏమనుకుంటుందోనని తల వంచుకున్నాను.

"నోరు తెరిచి చెప్పు పిల్లా. కారుకు ఏం పడతదో దాని పెట్రోలు మూత మీదనే రాసిండ్రు. మనిషికి గట్ల రాసి ఉండదు గద. అడగాలె, చెప్పాలె."

"జొన్న రొట్టె తింట వదినె," అన్నాను.

సాయంత్రానికి ఇంట్లో జొన్నపిండి ఉంది. రొట్టె చేయడం ఆమెకు రాదు. విరిగిపోయిన ముక్కలనే వేడివేడిగా నా పళ్లెంలో వేసింది. నేను నేర్పిస్తానంటే పీట జరిపి పక్కన కూర్చుంది. మా ఇద్దరికీ మధ్య ఉన్న భయం ఆ రొట్టెల దగ్గరే పోయింది.

కారుతోపాటు వచ్చిన లావు పుస్తకాన్ని ఒక మధ్యాహ్నం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "గిది ఇంగ్లీషుల ఉన్నది. నువ్వు చదివి చెప్పు, నేను యాదుంచుకుంట." పెట్రోలు సంగతి ఆమెను సతాయిస్తోంది. మామూలుది చాలని ఒకరు, ఎంత ఖరీదుది పోస్తే అంత మంచిదని ఇంకొకరు చెప్తున్నారు. మూత లోపల అంటించిన కాగితం మీద ఉన్న నంబరుకు అర్థం ఏమిటో ఎవరూ చెప్పడం లేదు. ఇద్దరం వెతికాం. ఇంజను లోపల ఒత్తిడికి పెట్రోలు తనంతట తాను ముందే అంటుకోకుండా ఎంత ఓర్చుకుంటుందో చెప్పే నంబరది. ఈ ఇంజను ఎక్కువ ఒత్తిడి మీద పనిచేస్తుంది కాబట్టి ఎక్కువ నంబరుది కావాలి. నాకు అర్థమైనంత చెప్పాను.

వదినె చాలాసేపు ఆలోచించి, "అంటే నంబరు పెరిగితే పెరిగేది బలం గాదు, ఓర్పు," అన్నది. మళ్లీ అడిగింది. "ఒకవేళ గది దొరక్కపోతే?"

అదీ పుస్తకంలో ఉంది. "తప్పనిసరైతే తక్కువ నంబరుది పోసుకోవచ్చట వదినె. బండిని తొందరపెట్టకుండ మెల్లగ పోవాల్నట."

"మంచిగ రాసిండ్రు," అన్నది, రాసినవాళ్లెవరో ఎదురుగా ఉన్నట్టు.

అప్పటి నుంచి ఎక్కువ నంబరు పెట్రోలు దొరికే బంకు ఏదో చూసుకుని అక్కడికే పోయేది. కారు దిగి, పోసే మనిషి పక్కన నిలబడేది. పాత బండికి నెయ్యి పోసి పెంచుతున్నవని దుకాణం దగ్గర లారీ డ్రైవర్లు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. మా ఆయన చిన్న కారు కొని, తనకూ ఆ ఖరీదైన పెట్రోలే పోయించుకుంటానని ఉత్సాహపడితే మాత్రం ఒప్పుకోలేదు.

"నీ బండికి ఎందుకురా? దాన్ని మామూలు దాని మీద నడిచేటట్టే చేసిండ్రు. ఎక్కువది పోస్తే దానికి ఒరిగేదేం లేదు. దానికి పడిందే పోయాలె."

ఆమె గురించి ఎన్ని చెప్పినా, మా అమ్మ ఆపరేషన్ నాటి సంగతి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

జడ్చర్లలో అమ్మకు పేగు మెలిక పడి దవాఖానలో వేశారని తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేశాడు. మధ్యాహ్నం ఆపరేషన్. అమ్మ వయసుకు అది తట్టుకుంటుందో లేదో చెప్పలేమన్నారట. లోపలికి తీసుకుపోయే ముందు నన్ను చూడాలని ఒకటే అడుగుతోందట. మా ఆయన పని మీద వరంగల్ పోయి ఉన్నాడు. నేను ఏడుస్తూ నిలబడితే వదినె దుకాణం షట్టరు దించి, "పా, కూసో," అన్నది.

నల్గొండ, కొండమల్లేపల్లి దాటాం. ఆ తొందరలో పెట్రోలు చూసుకోలేదు. కల్వకుర్తి ఇంకా దూరం ఉండగానే ముల్లు కిందికి దిగింది. ఒక చిన్న బంకు దగ్గర ఆగి అడిగితే ఎక్కువ నంబరుది లేదన్నారు. "మామూలుదే పొయ్యి. మెల్లగ పోతం," అన్నది వదినె. అప్పుడే తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. నా చేతిలోంచి ఫోన్ ఆమె తీసుకుని మాట్లాడింది. ఆ ఒక్కసారి ఆమె కారు దిగలేదు.

మాట్లాడుతూ మాట్లాడుతూ అద్దంలో చూసి, "ఏయ్, ఆపు ఆపు!" అని అరిచింది. బంకు మనిషి పోస్తున్నది డీజిల్. అప్పటికే కొంత లోపలికి పోయింది.

నడివయసు మనిషి. పైపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. "గిసొంటి పెద్ద బండ్లు గీడికి వచ్చేటియన్నీ డీజిల్‌వేనమ్మా. అలవాటుల పోసిన."

లోపలి నుంచి బంకు మేనేజరు వచ్చి, "కొంచమే గదమ్మా, ఏం కాదు. పైనంగ పెట్రోలు పోసుకొని పోండ్రి," అన్నాడు.

ఏమవుతుందో ఆమెకు తెలుసు. స్టార్ట్ చేస్తే ఆ డీజిల్ ఇంజను దాకా పోతుంది. చేయకుండా ట్యాంకు అంతా ఖాళీ చేయించాలంటే మెకానిక్ రావాలి, సాయంత్రం అవుతుంది. ఆ కారు ఆమెకు ఏమిటో నాకు తెలుసు. అందుకే దాన్ని వదిలేసి పోదామని అడగలేకపోయాను. వదినె కళ్లు మూసుకుని స్టీరింగు మీద చెయ్యి వేసింది. తర్వాత తాళంచెవి బయటికి లాగింది. ఆ తాళం ఆమె సొంత తమ్ముడికి కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. దాన్ని డీజిల్ పోసిన ఆ మనిషి చేతిలోనే పెట్టింది.

"అన్నా, దీన్ని స్టార్ట్ చెయ్యకుండ్రి. నీడకు నూకి, మెకానిక్‌ను పిలువుండ్రి. నేను రేపొస్త."

"నా మీద ఇడిసి పోతున్నవా అమ్మా?" అన్నాడాయన నమ్మలేక.

"నువ్వే గదా ఉన్నది," అన్నది.

బత్తాయి లోడుతో పోతున్న డీసీఎం వ్యాన్‌కు రోడ్డు మీద అడ్డంగా నిలబడి చెయ్యెత్తింది. "భాయ్, గీమె తల్లికి ఆపరేషన్. జర జడ్చర్లల దింపు." గడ్డం నెరసిన ఆ డ్రైవరు మారుమాట లేకుండా సీటు మీది సంచులు తీసి వెనక వేశాడు. దారిలో ఒక బత్తాయి ఒలిచి, నేను వద్దంటున్నా ఒక్కొక్క తొన నా చేతిలో పెడుతూనే ఉంది వదినె. వెనక్కి తిరిగి ఒక్కసారి కూడా చూడలేదు.

అమ్మను ఇంకా లోపలికి తీసుకుపోలేదు. నన్ను చూసి, "వచ్చినవా బిడ్డా," అని నా చెంప తడిమింది. భయం తగ్గిన ముఖంతో లోపలికి పోయింది. ఆపరేషన్ అయ్యేదాకా వదినె నా వీపు మీద చెయ్యి వేసి నిలబడే ఉంది. అమ్మ బతికింది. ఇవాళ్టికీ జడ్చర్లలో తన రొట్టె తానే చేసుకుంటోంది.

మర్నాడు మేం పోయేసరికి కారు చెట్టు కింద ఉంది. ట్యాంకు ఖాళీ చేయించి, దుమ్మంతా తుడిచి పెట్టాడా బంకు మనిషి. ఆయనను పనిలోంచి తీసేస్తారన్న మాట నడుస్తోందని తెలిసి వదినె నేరుగా మేనేజరు దగ్గరికి పోయింది. "నేను దిగి చూడాలె. దిగలే. తప్పు ఇద్దరిదీ ఉన్నది. ఆయన్ను ఏమనకుండ్రి," అన్నది. ఆయన పని నిలబడింది. కట్టంగూరు వచ్చాక బోర్డులు రాసే పెయింటరుతో మూత లోపల ఎర్రటి అక్షరాలతో "పెట్రోలు" అని రాయించింది. మా ఆయన అంత అందమైన బండి మీద అదేం రాత అని నవ్వాడు.

నిరుడు ఆమె గుండె బలహీనపడింది. మెట్లు ఎక్కొద్దన్నారు, బండి నడపొద్దన్నారు. నేను బాధపడుతుంటే, "గిప్పుడు నాకు తక్కువ నంబరుదే దొరుకుతున్నది పిల్లా. మెల్లగ పోతున్న, అంతే," అన్నది. ఆ మెల్లతనంలోనే నాకు లెక్కలేనన్ని మధ్యాహ్నాలు ఇచ్చింది. గడపలో కూర్చుని నా చేత పాత మాటలు చెప్పించుకునేది. చివరిసారి దవాఖానకు పోతూ కూడా నన్ను అడిగింది, "తిన్నవా?" అని.

కర్మ అయిపోయాక, బండి కదలకుండా ఉంటే బ్యాటరీ పోతుందని ఎవరో గుర్తు చేశారు. మా ఆయన తాళం తీసుకుని షెడ్డులోకి పోయాడు, నేను వెనకే పోయాను. తలుపు తీసి కూర్చోబోతే మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. వదినె పొట్టి మనిషి. కాళ్లు అందేందుకు సీటును పూర్తిగా ముందుకు జరుపుకునేది. సీటు వెనక్కి జరిపే బటన్ మీదికి ఆయన చెయ్యి పోయింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత మెల్లగా తీసేశాడు. మోకాళ్లు ముడుచుకుని, గడ్డం దాదాపు స్టీరింగుకు ఆనించి, తన అక్క కూర్చున్నంత జాగాలోనే ఒదిగి కూర్చున్నాడు.