బాయిలర్‌కు దక్కని మామిడి మొద్దులు

తొంభైల్లో అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు పోయే మాబోటి వాళ్లకు ఆ రోజుల్లో ఒక జబ్బుండేది. చదువు తప్ప తక్కిన పనులన్నిటి మీదా మహా శ్రద్ధ. నేను చిక్కడపల్లిలో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి (చదువుతున్నానన్నది అత్తమ్మ నమ్మకం). ఆ ఎండాకాలం గాలిదుమారానికి నారాయణగూడలో ఒక మామిడి చెట్టు కూలితే, దాని కొమ్మలు నరికి రోడ్డు పక్కన కుప్ప పోశారు. మేం 'బాటనీ' అని పిలిచే నా దోస్తు ఆ కుప్ప ముందు ఆగిపోయాడు. "వీటి మీద పుట్టగొడుగులు పెంచొచ్చు రా. పచ్చని చెట్టు కొట్టుడు లేదు, పొలం అక్కర్లేదు. కూలిన కట్టె చాలు" అన్నాడు. ఆ మాట నా తలకెక్కింది. రిక్షాలో మొద్దులు తెచ్చి, బర్మాతో బెజ్జాలు వేసి, వాడు సంపాదించిన పుట్టగొడుగుల విత్తనం కూరి, పైన మైనం పోసి మూశాం. పెరట్లో నీడకు పెట్టి రోజూ నీళ్లు చల్లాను.

వానలొచ్చాయి, పోయాయి. మొద్దులు ఉలకలేదు, పలకలేదు. దీపావళి దగ్గరపడేసరికి అత్తమ్మ ఓపిక అయిపోయింది. "నువ్వు పుస్తకం ముంగట గూసున్నట్టే అవి గోడకు గూసున్నయ్. నువ్వు పాసు గావు, అవి మొలవయ్. పండుగ స్నానాలకు బాయిలర్‌ల కట్టెలు లేవు, గవే ఏస్త" అంది. ఆమె గుడికి వెళ్లిన సందు చూసి, వాడకం మానేసిన సిమెంటు తొట్టిలో నీళ్లు నింపి మొద్దుల్ని దాచాను. అవి తేలుతుంటే వాటి మీద పాత రుబ్బురోలు పొత్రం బరువుగా పెట్టాను. మర్నాడు సంగతి విని బాటనీ నెత్తి కొట్టుకున్నాడు. "ఊపిరాడక సస్తయ్ రా, తియ్యి!" తీసి తొట్టి వెనక గోనెపట్టా కప్పి ఉంచాను. ఇక ఆశ కూడా లేదు.

పండుగ ముందు రోజు పొద్దున అత్తమ్మకు అవి దొరకనే దొరికాయి. "అరే, జర ఇటు రా" అన్న గొంతులో కోపం లేదు. వెళ్లి చూసి నేనూ నోరు తెరిచాను. నల్లటి బెరడు నిండా తెల్లటి గుత్తులు, ఒకదాని మీద ఒకటి, అంచుల్లో నీటి తడితో. అడుగున సన్నటి మడతలు ఎంత పొందికగా ఉన్నాయంటే, చూస్తుంటే నాకు భయమేసింది.

"మొన్న గోడకున్నప్పుడు లెవ్వు గదరా ఇవి?"

"లెవ్వత్తమ్మా."

"సచ్చిన కట్టె గదరా ఇది! ఇంత మెత్తగున్నయ్, బెరడునెట్ల చీల్చుకొని వచ్చినయ్?"

ప్రపంచంలోని రాజధానులన్నీ బట్టీపట్టిన నేను బెరడును వేలితో తట్టి చూశాను. బాటనీ పరుగున వచ్చి, అట్ల నీళ్లల్ల నానబెడితేనే మొలుస్తయంట, ఆ పేజీ తను చదవలేదని నసిగాడు. మేమిద్దరం వినలేదు. అత్తమ్మ తాకకుండా గుత్తి కింద అరచెయ్యి పట్టి అట్లాగే కూర్చుంది.

మర్నాడు తెల్లవారుజామున ఇంట్లో అందరికీ చన్నీళ్లే. మామయ్య గజగజ వణుకుతూ, "కట్టెలున్నయ్ గదనే!" అన్నాడు.

"అవి బాలింతలు. పొయ్యిల ఎట్ల పెడ్తనయ్యా?" అంది అత్తమ్మ.

పండుగ దాటాక ఆమే కోసి వండిన ఆ కూరను మేమెవరం గట్టిగా నమలలేదు. అంతా తన ప్రజ్ఞేనని ఆ చలిలో ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి, అప్పటి నన్నే, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. అంతగా ఆశ్చర్యపోవడం మళ్లీ నాకు చేతకాలేదు.