మోకాళ్ళకు ఏరు చూపించిన బుధవారం

ఇది రాసే ముందు మా ఆవిడను అడిగాను. అడగడం నాకు కొత్త అలవాటు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె విషయాలు ఆమెకంటే ముందు ఊరికి చెప్పినవాడిని నేను. ఆమె కాసేపు ఆలోచించి, "పేర్లు రాయకండి. మోకాళ్ళ గురించి ఎంతైనా రాసుకోండి" అంది. అందుచేత ఇందులో పేర్లు లేవు. మోకాళ్ళు ఉన్నాయి.

మాది నెల్లిమర్ల. ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఆఫీసు నన్ను వదిలేసింది గాని సంఘం వదల్లేదు. మా బాప్టిస్టు సంఘానికి నేను కార్యదర్శిని. ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదివేది నేనే. మైకు ముందు నిలబడితే నాకు ఒక ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం ఇంట్లో ఎప్పుడూ రాలేదు కాబట్టి మైకు దొరికినప్పుడల్లా ఇంటి సంగతులు కూడా అక్కడే చెప్పేస్తూ వచ్చాను.

మా ఆవిడకు రెండు మోకాళ్ళూ మార్చాలని విశాఖపట్నంలో డాక్టరు చెప్పారు. క్రిస్మస్‌కు ముందే ఆపరేషన్. ఆ తర్వాత నడవొచ్చు, మెట్లెక్కొచ్చు. కింద కూర్చోకూడదు, బాసింపట్టు వేయకూడదు, గట్లూ పుట్టలూ ఎక్కిదిగకూడదు. ఆయన చెబుతుంటే ఆమె బుద్ధిగా తలూపింది. నేను మందుల షాపు ఎక్కడని అడిగాను.

మర్నాడు పొద్దున్న చింతపండులో పిక్కలు తీస్తూ అడిగింది.

"ఏటండీ, ఆపరేషను ముందర ఓపాలి మా ఏరు కాడికెల్దామా? మనిద్దరం."

"ఎల్దాం."

"గట్టు దిగి ఇసకలో కూకుని అన్నం తినాల. తరవాత కింద కూకోనివ్వరంట కదా."

వాళ్ళ ఊరు పాలకొండ అవతల, నాగావళి ఒడ్డున. అక్కడ ఏటికి ఇటువైపు ఎర్రమట్టి గట్టు ఇంటికంటే ఎత్తుగా నిలబడి ఉంటుంది. వానలకు కోసుకుపోయి దాని ఒళ్ళంతా చారలు. పైన జీడితోట, కింద ఇసక, ఇసక దాటితే నీళ్ళు. పెళ్ళికి ముందు, చిన్నపిల్లగా ఉన్నప్పుడే, ఆమె ఆ ఏట్లోనే బాప్తిస్మం తీసుకుంది. ఇప్పుడు మా గుడిలో వేదిక కిందే తొట్టి ఉంది. నీలం టైల్స్ వేశారు. ఏటికి ఎవరూ వెళ్ళరు.

"మనిద్దరం" అన్న మాట నేను వినలేదని చెప్పుకుంటే కొంత తేలికగా ఉండేది. విన్నాను.

ప్రయాణం ఏర్పాట్లు నేను చూస్తానన్నాను. ఏర్పాట్లంటే నాకు ఇష్టం. ప్రయాణం అంత ఇష్టం లేదు. రాజాం మీదుగా వెళ్ళే బస్సులేవో కనుక్కున్నాను. మడత కుర్చీ ఒకటి కొన్నాను. కింద కూర్చోవడానికే వెళ్తున్న మనిషికి కుర్చీ ఎందుకని నాకు తోచలేదు. గొడుగు, నొప్పులకు రాసుకునే ఆయింట్‌మెంటు, వేడినీళ్ళ సంచి సిద్ధం చేశాను. ఆమె అవన్నీ చూసి, "ఏరు కాడికే కదా, ఆసుపత్రికి కాదు" అంది. సరే, ఇక బయల్దేరడమే మిగిలింది. ఈలోగా ఆదివారం వచ్చింది.

మా ఆరాధనలో ప్రార్థన విన్నపాల సమయం ఒకటి ఉంటుంది. కష్టమున్నవాళ్ళు లేచి చెప్పుకుంటారు, సంఘమంతా ప్రార్థిస్తుంది. ఇందులో ఒక పద్ధతి ఉంది. విన్నపంగా చెప్పిన విషయం ఇక చెప్పినవాడిది కాదు. జ్వరమని చెబితే మధ్యాహ్నానికి జావ వస్తుంది. పెళ్ళిచూపులని చెబితే మనకంటే ముందు ఎవరో వెళ్ళి పిల్లను చూసొస్తారు. ఇది తెలిసి కూడా లేచాను. మా ఆవిడ మోకాళ్ళ కోసం ప్రార్థించమన్నాను. అక్కడితో కూర్చోవచ్చు. "ఆపరేషన్‌కు ముందు ఆమె బాప్తిస్మం తీసుకున్న ఏటికి వెళ్ళి రావాలని ఆశపడుతోంది, ఆ ప్రయాణం కోసం కూడా" అన్నాను. స్త్రీల వరుసలో ఆమె తల వంచుకుంది. భక్తితో అనుకున్నాను.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గరే పట్టుకున్నారు.

"ఏరు సూసి ఎన్నాలయిపోనాదో అన్నియ్యా! మేమూ వస్తాం" అంది స్త్రీల సమాజం అధ్యక్షురాలు.

"ఉట్టి సేతుల్తో ఎల్తారేటి? డేక్సాలు నాను అట్టుకొస్తాను" అన్నాడు వంటల పెద్ద. ఆయన మిల్లులో పనిచేసి మానేసినవాడు. సంఘంలో ఏ విందుకైనా గరిటె ఆయనదే. "గట్టు మీద నాటుకోడి వండితే ఆ రుసే యేరు."

"నాటుకోడి ఉడికేసరికి పొద్దు గూకిపోద్ది బావా. బాయిలర్ సాల్దా?" అన్నారు వెనకనుంచి ఎవరో.

"బాయిలర్‌కైతే నన్ను పిలవకండి. మీరే ఎట్టుకోండి."

ఆ సాయంత్రమే పాస్టరుగారింట్లో కమిటీ కూర్చుంది. కార్యదర్శిని కాబట్టి నడిపించింది నేనే. బస్సు మాట్లాడాలన్నారు. షామియానా, మైకు, తాడులాగుడు పోటీకి తాడు అన్నారు. తాడులాగుడులో పోయినేడు ఎవరు మోసం చేశారన్నదానిమీద చాలాసేపు నడిచింది. నేను అన్నిటికీ తల ఊపి ఎవరి పని వాళ్ళకు పంచాను. చాలా సంతోషంగా ఉన్నాను. అప్పుడు పాస్టరుగారు అన్నారు:

"ఏటి కాడికే ఎల్తన్నాం కదా. ఈసారి బాప్తిస్మాలు కూడా అక్కడే ఇచ్చీద్దాం. పిల్లలకి గ్యాపకం ఉంటాది."

అందరికీ నచ్చింది. కానీ బాప్తిస్మం తీసుకునే పిల్లలకు పాఠాలు ఇంకా పూర్తి కాలేదు. పాఠాలయ్యేసరికి క్రిస్మస్ పనులు. క్రిస్మస్ తర్వాత కొత్త సంవత్సరం. చివరికి జనవరిలో ఒక శనివారం తేలింది. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి అన్నాను. అందరికంటే ముందు నా చెయ్యే లేచింది.

ఇంటికి వచ్చి ఆమెకు శుభవార్తలా చెప్పాను. బస్సు, నాటుకోడి, బాప్తిస్మాలు, అన్నీ. ఆమె బియ్యం చేటలోంచి తల ఎత్తలేదు.

"నాకు ఆపరేషను ఎప్పుడు?"

"క్రిస్మస్ ముందు."

"పిక్నిక్ ఎప్పుడు?"

నేను గోడమీది క్యాలెండరు వైపు చూశాను.

"మంచిదే. ఎల్లి రండి. పొటోలు ఎట్టండి" అంది. బియ్యంలో రాయి ఒకటి తీసి కిటికీలోంచి పారేసింది. ఆ రాత్రి ఆమె మామూలుగానే అన్నం పెట్టింది, మామూలుగానే పడుకుంది. ఆమె కోపం తెచ్చుకుని ఉంటే క్షమాపణ అడిగి సులువుగా బయటపడేవాడిని. ఆమె నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. అవతలివాళ్ళ కోపం చల్లార్చడమే పశ్చాత్తాపమని అన్నాళ్ళూ అనుకున్నానని ఆ రోజు తెలిసింది.

తేదీ ముందుకు జరపమని పాస్టరుగారిని అడిగాను. పిల్లల పాఠాలని ఆయన ఇబ్బంది పడ్డారు. వంటల పెద్దకు ఫోన్ చేశాను. పొరపాటున స్పీకరు నొక్కాను.

"అక్క కోసం మీరేటీ బెంగెట్టుకోకండి" అన్నాడు ఆయన ఉత్సాహంగా. "ఆపరేషనయినా సరే, కుర్సీలో కూకోబెట్టి బస్సెక్కించీస్తాం. గట్టు మీదే సామియానా కింద సోఫా ఏస్తాం. పైనుంచి ఏరంతా కనపడతాది. కింద ఏటున్నాది బావా, ఇసకే కదా!"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఆయనకి సెప్పండి, సోఫా ఒద్దని" అంది మా ఆవిడ అక్కడినుంచే. "నాను సోఫాలో కూకోడానికి ఎల్తాననలేదు."

ఫోన్ పెట్టేసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఏం చెయ్యాలో అడిగాను. ఆమెను ఏదైనా అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకోవడం నాకదే మొదలు.

"బుధవారం ఎల్దాం" అంది. "కుర్సీ ఒద్దు. ఎవలికీ సెప్పకండి."

సోమవారం, మంగళవారం నేను ఎలా గడిపానో చెప్పను. పాస్టరుగారు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ నాలుక చివరిదాకా వచ్చింది. వాతావరణం గురించి మాట్లాడాను. బుధవారం తెల్లవారుజామున బస్టాపులో స్త్రీల సమాజం అధ్యక్షురాలే ఎదురైంది.

"ఏటన్నియ్యా, ఇద్దరూ బేగి బయల్దేరినారు? ఎక్కడికి?"

"పనుంది" అన్నాను. ఆమె నా మొహంలోకి అనుమానంగా చూసింది. నా దగ్గర అంత చిన్న జవాబు ఆమె ఎప్పుడూ వినలేదు.

మధ్యాహ్నానికి గట్టు మీద ఉన్నాం. జీడితోట దాటగానే నేల తెగిపోయినట్టు ఆగింది, కింద ఏరు. ఏరు నేను అనుకున్నంత పెద్దగా లేదు. గట్టు అనుకున్నదానికంటే ఎక్కువ ఎత్తుంది. దిగే బాట వానకు కొట్టుకుపోయి వాగు చారలా ఉంది. నేను చెయ్యి అందించాను. ఆమె పట్టుకోలేదు. చెప్పులు విప్పి నాకిచ్చింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని గట్టు అంచున కూర్చుంది. కూర్చునే, చేతులు వెనక్కి ఆనించి, కొంచెం కొంచెంగా జారడం మొదలుపెట్టింది.

"జాగర్త, అక్కడ మట్టి..."

"మీరు మాటాడకండి."

నేను చెప్పులూ అన్నం సంచీ పట్టుకుని వెనకాల దిగాను. రెండుచోట్ల నేనే జారాను. ఆమె జారలేదు. కిందికి చేరేసరికి ఆమె చీర వెనక భాగమంతా ఎర్రగా అయింది. నొప్పికి పళ్ళు బిగించి ఉంది. కాసేపు నిలబడి ఏటివైపు చూసి, "అప్పుడు నీరు ఇక్కడిదాకా ఉన్నాది" అంది. నీళ్ళు ఇప్పుడు అవతలి ఒడ్డుకు జరిగిపోయాయి. ఆమె మునిగిన చోట రెల్లుగడ్డి, ఇసక. నీళ్ళదాకా నడుస్తానంది. నడిచింది. చీలమండలు మునిగేదాకా వెళ్ళి, అక్కడినుంచి మోకాళ్ళ దాకా వెళ్ళి, ఆగింది.

ప్రార్థన చేస్తోందేమోనని నేనూ తల వంచాను. ఓరకంటితో చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఈ మోకాళ్ళే కదండీ ఆ రోజు నీళ్ళల్లో దిగినాయి" అంది. "పంపించేత్తన్నాం కదా. ఓపాలి సూపెట్టీసి పంపిద్దారనుకున్నాను."

నాకు ఏదో చెప్పాలనిపించింది. బైబిల్ వాక్యం కూడా ఒకటి జ్ఞాపకం వచ్చింది. చెప్పలేదు.

ఇసకలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కాళ్ళు మడవడానికి చాలాసేపు పట్టింది, ఒక్కో కాలూ చేత్తో పట్టుకుని మడుచుకుంది. పులిహోర, వేయించిన మెత్తళ్ళు. ఆ ఎండుచేపల వాసనకు ఎక్కడినుంచో ఒక కుక్క వచ్చి మాకెదురుగా కూర్చుంది. ఆమె దానికి తోకలు వేస్తూ నిదానంగా తింది. నేను ఏటిగురించి అడిగితే చెప్పింది. వాళ్ళమ్మ ఇదే ఇసకలో చెలమ తీసి నీళ్ళు పట్టేదని, బాప్తిస్మం రోజు తను భయపడి అప్పటి పాస్టరుగారి చొక్కా చింపేసిందని. ఈ రెండోది నాకు కొత్త. ఇన్నేళ్ళూ నేను అడగలేదు.

లేవడం అసలు కష్టం. రెండుసార్లు ప్రయత్నించి మళ్ళీ కూర్చుండిపోయింది. గట్టు వైపు చూశాను. జారి దిగిన దారిన జారి ఎక్కలేం. నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. వంటల పెద్దకు ఒక్క మాట చెబితే సాయంత్రంలోగా బండి, మనుషులు, కుర్చీ అన్నీ వస్తాయి. వాళ్ళు నిజంగా వస్తారు, అదే ఇబ్బంది.

"ఫోను తీసినారంటే ఏట్లోకి ఇసిరేస్తాను" అంది.

తీయలేదు. ఈసారి నా భుజం పట్టుకుని లేచింది. ఇసక ట్రాక్టర్లు దిగే దారి దూరంగా ఉందని, అది చుట్టు అని, వాలు తక్కువని చెప్పింది. ఆ దారినే నడిచాం, చెట్టు కనబడ్డప్పుడల్లా ఆగుతూ. బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సుకు ఇంటికి చేరాం. ఆ ఆదివారం విన్నపాల సమయంలో పాస్టరుగారు అలవాటుగా నావైపు చూశారు. నేను పాటల పుస్తకంలోకి చూశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. జనవరిలో సంఘమంతా ఏటికి వెళ్ళింది. ఆమెకు తోడుగా నేను ఇంట్లో ఉండిపోయాను. మర్నాడు వంటల పెద్ద పలావు గిన్నెతో వచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఫోన్లో వీడియో పెట్టాడు. గట్టు, షామియానా, తెల్లబట్టల్లో పిల్లలు, వెనకాల ఏరు.

"సూడక్కా. నువ్వు సూడలేకపోనావు కదాని, గట్టంతా తిప్పి తిప్పి తీసినాను."

ఆమె కొత్త మోకాళ్ళు చాపుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని, చివరిదాకా చూసింది.

"అబ్బ, ఎంత ఎత్తున్నాది తమ్ముడూ" అంది. "ఎలాగ దిగినారో ఏటో."

ఆయన ఎలా దిగారో చెప్పడం మొదలుపెట్టాడు. నేను టీ పెట్టడానికి లేచాను.