క్యాంటీన్ ఈగ చెప్పిన సాక్ష్యం

మొన్నటిదాకా పొద్దున పదకొండు లోపు ఈగల చూపు మీద పరిశోధన చేసే ల్యాబులో సూదులక్క ఇరవై గాజు సూదులు లాగేది. సన్నని గాజు గొట్టాన్ని మధ్యలో ఎర్రగా కాల్చి రెండు వైపులా లాగితే మొన కంటికి ఆననంత సన్నబడుతుంది. అందులో ఉప్పునీళ్లు నింపి, మైనంతో అతికించిన ఈగ కంట్లోకి దింపుతారు. వెలుతురు పడగానే ఒక్కో కణంలో పుట్టే కరెంటును ఆ సూది పట్టుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా ఆ ల్యాబులో డాక్టరేట్ తీసుకున్న ప్రతివాడూ ఆమె సూదుల మీదే తీసుకున్నాడు.

ఈమధ్య మసక వెలుతురుకు ఈగల కళ్లు పలకడం మానేశాయి. పద్నాలుగు మిల్లీవోల్టులు రావలసిన చోట రెండు వస్తున్నాయి.

"సూదులు మొద్దుగా ఉంటున్నాయి. ఆమెకు చూపు తగ్గింది," అని ప్రొఫెసర్ తేల్చేశాడు. కనీసం ఒక సూదినైనా మైక్రోస్కోపు కింద పెట్టి చూడలేదు. ఆమెను గాజుసామాను కడిగే పనికి మారుస్తూ మెమో ఇచ్చాడు. సోమవారం నుంచి అమలు.

"ఆడలేక మద్దెల ఓడన్నారట," అంది సూదులక్క.

రెండు నెలల కిందట ఈగల పురుగులకు పెట్టే లివరు ఆపి, తవుడూ ఈస్టూ పెట్టమన్నది స్టోర్సు ఆఫీసరు. కంటికి కావలసిన విటమిన్ లివరులోనే ఉందని ఆమె అప్పుడే చెప్పింది. అతను నవ్వాడు. "పురుగులకు లివరేంటమ్మా? రేపు కంచం, మంచినీళ్ల గ్లాసు కూడా అడుగుతావు!"

శుక్రవారం ఆమె క్యాంటీన్ వెనక మాంసం చెత్తబుట్ట దగ్గర, టీ గ్లాసు బోర్లించి ఒక ఈగను పట్టింది. ప్రయోగాలు చేసే విద్యార్థినిని పిలిచింది.

"తల్లీ, ఒకే సూది, ఒకే వెలుతురు. ముందు మన ఈగ, తర్వాత ఇది."

మన ఈగకు రెండు. క్యాంటీన్ ఈగకు పద్నాలుగు.

"అక్కా, చెత్త తిని బతికినదానికి మనదానికన్నా చూపుంది!" అని విద్యార్థిని అరిచింది.

ప్రొఫెసర్ వచ్చి చూశాడు. "నాకు ముందే అనుమానంగా ఉంది. లివరు తెప్పించండి," అన్నాడు. అనుమానం తిండి మీదైతే కాగితం మనిషి చూపు మీద ఎందుకు రాశాడో అడిగినవాళ్లు లేరు. మెమో గురించి ఒక్క మాట లేదు.

సోమవారం సూదులక్క తొట్టి దగ్గర నిలబడి బీకర్లు కడుగుతోంది.

"ఇక్కడేం చేస్తున్నావు? సూదులేవి?"

"నాకు చూపు తగ్గిందట సార్. మీ సంతకమే."

ఇవాళ గురువారం. మెమో రద్దు కాలేదు, ఇంకా ఫైల్లోనే ఉంది. పెట్టెలో మిగిలిన సూదులు నాలుగు.