గుర్రాలకు దాహం

ఆయన పని కట్టుడు పళ్లు తయారుచేయడం. సాయంత్రం ఇంటికొచ్చాక అదే నిలకడైన చేత్తో వేలెడంత సీసపు సైనికులకు మీసాలు దిద్ది, బల్లమీద బొమ్మ కొండ, ఏరు, వంతెన అమర్చి, చరిత్రలోని పాత యుద్ధాలను పాచికలతో మళ్లీ ఆడేవాడు. "ఆ మీసాల మీదున్న శ్రద్ధ ఇంటి గోడల మీద ఉంటే ఎంత బాగుండు!" అని భార్య దెప్పేది.

సెలవులకు వచ్చిన ఐదేళ్ల మనవరాలు ఒకరోజు బల్ల అంచుకు గడ్డం ఆనించి, "తాతయ్యా, నేనూ ఆడతా" అంది. ఆ బొమ్మల్ని ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి, ఎందుకో కాదనలేకపోయాడు. గుర్రపు దండును ఆమెకిచ్చి, పాచిక ఎలా వేయాలో, బొమ్మల్ని ఎంత దూరం జరపాలో నేర్పాడు.

"ఇక నీ గుర్రాల్ని కొండ మీదికి ఉరికించమ్మా."

"ఊహూఁ. అవి అలిసిపోయాయి. నీళ్లు తాగుతాయి," అంటూ పిల్ల వాటిని ఏటి ఒడ్డున, వంతెన పక్కన నిలబెట్టేసింది.

ఆట పాడైందనుకుని ఆయన నిట్టూర్చాడు. తీరా తన కాల్బలం వంతెన దాటబోతే ఆ గుర్రాలే అడ్డుపడ్డాయి. పిల్ల వేసిన ప్రతిసారీ పాచిక పెద్ద అంకే చూపించింది. ఆయన సైన్యం చెల్లాచెదురైంది. అసలు యుద్ధంలో ఆ దండు నాయకుడు అలిసిన గుర్రాల్నే కొండెక్కించి ఓడిపోయాడని ఆయన ఎన్నోసార్లు చదివాడు. అయినా వాటిని ఒక్కసారి ఆపి చూద్దామని ఏనాడూ తోచలేదు.

"తాతయ్యా, ఏడుస్తున్నావా?"

"లేదే బంగారం, నవ్వుతున్నా."

వెంటనే, తనతో ఏళ్లుగా ఆడుతున్న స్నేహితుడికి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇవాళ చిత్తుగా ఓడిపోయాన్రా!" అన్నాడు, గర్వం పట్టలేక.