వదిలేసిన ప్యాకెట్లు

చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేదని అమ్మ బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పింది. ఆ అలవాటుతోనే కంప్యూటరూ ఇంట్లోనే నేర్చుకున్నాను. దేవునికి స్తోత్రం. రాష్ట్రం విడిపోయిన ఏడాది, విజయనగరంలో మా చర్చి ఆవరణలోని నాలుగిళ్లకూ ఒకే ఇంటర్నెట్ లైను పంచే పాత లినక్స్ కంప్యూటరును నాకప్పగించారు. పని నాది, పెత్తనం సంఘం కార్యదర్శి మావయ్యగారిది.

బయటికెళ్లే సమాచారమంతా చిన్న చిన్న ప్యాకెట్లుగా కెర్నల్‌లో, అంటే ఆ కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రాములో, వరస కడుతుంది. వరస నిండితే కొత్తగా వచ్చినవాటిని కెర్నల్ వదిలేస్తుంది. వదిలేసినవాటి లెక్క తెరమీద చూసి మావయ్యగారు కలతపడ్డారు.

"ఏటమ్మా ఇది? తప్పిపోయిన గొర్రెని ఎతకమన్నాడు గానీ వదిలెయ్యమన్నాడేటి ప్రభువు?"

కమిటీ కూర్చుంది. వరసను పదింతలు పెంచాలని తీర్మానించి టీ తాగింది. పెంచాను. నిజంగానే ఒక్కటీ నశించలేదు. అన్నీ క్షేమంగా వరసలో నిలబడే ఉన్నాయి.

కొన్నాళ్లకు పక్కింటి అత్త కూతురికి బరంపురం ఆస్పత్రిలో ఆపరేషను. అత్తేమో జ్వరంతో మంచం దిగలేని స్థితి. పిల్లను లోపలికి తీసుకెళ్లేముందు పది నిమిషాలు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ప్రార్థన చేసుకోవాలని తల్లీకూతుళ్ల ఆశ. పొద్దున్నే నా ల్యాప్‌టాప్ అత్త మంచం మీద పెట్టి వీడియో కాల్ కలిపాను.

సరిగ్గా అప్పుడే మావయ్యగారు తన ఇంట్లోంచి, అదే లైను మీద, తన ప్రసంగం వీడియోను ఇంటర్నెట్‌కి ఎక్కిస్తున్నారు. అత్త మాటలు ఆ ప్రసంగం వెనక వరసలో నిలబడిపోయాయి.

"భయపడకే," అంది అత్త. తెర దగ్గరికి మొహం పెట్టి చూసింది. "ఒసే, మాటాడవేటే? మత్తిచ్చేసినారేటి?" అని ఏడుపందుకుంది. అప్పుడొచ్చింది అట్నించి మొదటిదానికి జవాబు: "భయం లేదమ్మా."

మావయ్యగారికి ఫోన్ చేశాను, కాసేపు ఆపమని.

"దేవుని వాక్యానికి అడ్డమొస్తావేటమ్మా? కమిటీకి రాసివ్వు."

రాసివ్వలేదు. కెర్నల్‌లో పద్ధతే మార్చేశాను. ఎవరి మాటలకు వారి వరస, వంతులవారీగా కదలాలి. మరీ ఎక్కువసేపు నిలబడిన ప్యాకెట్‌ను వదిలెయ్యాలి. పంపిన కంప్యూటరు అది గ్రహించి, నెమ్మదించి, దాన్ని మళ్లీ పంపుకుంటుంది. ప్రసంగంలో ఒక్క ముక్కా పోదు.

"అమ్మా, ఇప్పుడు బాగా ఇనపడతన్నాది," అంది కూతురు.

మిగిలినవి మూడు నిమిషాలే. అత్త ప్రార్థన ముగించేసరికి నర్సు వచ్చింది, స్ట్రెచర్ కదిలింది.

ఇంతలో మావయ్యగారు తెరమీద లెక్క చూసి రొప్పుతూ వచ్చారు. "వందల్లో పోయినాయమ్మా ప్యాకెట్లు! కమిటీకి ఏటి సెప్పాల?"

"ఉండు బావా," అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ. "పిల్ల ఇప్పుడే లోపలికెళ్లింది. అది బయటికొచ్చినాక సెబుదువు గాని. ముందు మోకాళ్లెయ్యి."

మావయ్యగారు నా వైపు ఒకసారి కోపంగా చూసి, మోకాళ్లేశారు.